అమ్మమ్మ మాట కూడా సాక్ష్యమే

(అమీర్‌పేటలో ఉండి చదువుకుంటున్న ఆదివాసీ విద్యార్థుల కలయికలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే రాసి పెడుతున్నాం.)



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందుగాల ఒక ప్రశ్న అడుగుతా. చేతులు ఎత్తొద్దు, మనసులోనే జవాబు చెప్పుకోండి. మీ అమ్మమ్మ పేరేంటి? పెండ్లికి ముందు ఆమె ఇంటిపేరేంటి? ఆమె పుట్టిన గూడెం ఏది? ఆ గూడెం ఇప్పటికీ ఉన్నదా, లేక ప్రాజెక్టు కింద మునిగిందా, అడివి పేరు చెప్పి లేపేసిన్రా?

ఆర్టికల్ 244 అంటే ఏంటని అడిగితే ఇక్కడున్న ప్రతి ఒక్కరూ చెప్తరు. ఐదో షెడ్యూల్‌కు, ఆరో షెడ్యూల్‌కు తేడా నిద్రలో లేపి అడిగినా చెప్తరు. పెసా చట్టం ఏ సంవత్సరం అంటే 1996 అని వెంటనే వస్తది. మంచిదే, అవన్నీ రావాలె. కానీ ఆ ఐదో షెడ్యూల్ ఎవరి కోసం పుట్టిందో ఆ మనిషి మన ఇంట్లోనే మంచం మీద కూర్చొని చుట్ట కాల్చుకుంటున్నది. ఆమె గురించి ఏ కోచింగ్ సెంటర్‌లోనూ నోట్స్ దొరకదు. అందుకే ఇయ్యాల నేను మా అమ్మమ్మ గురించి మాట్లాడుతా. ఇంట్లో మేం ఆమెను గోండిలోనే పిలిచేవాళ్లం. మీలో కోయలున్నరు, కొలాములున్నరు, చెంచులున్నరు, అందరికీ తెలిసేటట్టు ఇక్కడ అమ్మమ్మ అనే అంటా.

మా ఊరు ఉట్నూరు దిక్కు. అమ్మమ్మకు దూరాన్ని కిలోమీటర్లలో కొలిచే అలవాటు లేదు. చుట్టల్లో కొలిచేది. బజారుకు ఎంత దూరం అంటే "రెండు చుట్టలు" అనేది. చెల్లెలి ఊరికి మూడు చుట్టలు. వాగు నిండుగా ఉంటే నాలుగు. చిన్నప్పుడు మాకు అది తమాషా. పెద్దయినంక అర్థమైంది, ఆ లెక్కలో దూరం ఒక్కటే లేదు. ఎండ ఎంతుంది, ఎత్తు ఎక్కాల్నా, నెత్తి మీద బరువు ఎంత, దారిలో కూర్చొనే నీడ ఎక్కడుంది, అన్నీ కలిసే ఉన్నయి.

ఇప్ప పూల కాలం వస్తే ఆమెను పట్టుకోలేం. పువ్వు తెల్లారగట్ల రాలుతది. కోడి కూయకముందే గంప పట్టుకొని బయలుదేరేది, మమ్మల్ని కూడా గుంజుకపోయేది. "ఎలుగు లేవకముందే పోవాలె" అనేది. ఎలుగుబంటికి ఇప్ప పువ్వంటే ఎంత ఇష్టమో మీకు తెలుసు. గంపలు నిండినంక కూడా చివరి చెట్టు కింద పువ్వు ఏరనిచ్చేది కాదు. ఎందుకే అంటే, "అది ఎలుగు వాటా. రేపు మనం ఆలస్యంగా వస్తే మన వాటా అది ఉంచొద్దా?" అనేది. ఎలుగు ఎన్నడూ మాకు ఉంచలేదు, అది వేరే సంగతి.

పొయ్యి మీద, పొగ తగిలే చోట, మక్క కంకులు గుత్తులు గుత్తులుగా వేలాడేవి. కందులు, అనుములు బూడిదలో కలిపి కుండలో పెట్టేది. విత్తనం బయట కొనుడంటే ఆమెకు నామోషీ. మా మామలు పత్తి విత్తనం ప్యాకెట్లు తెచ్చిన నాటి నుంచి, ప్రతి ఏడు, "ఈ ప్యాకెట్ పిల్ల పెట్టదు" అని గొణిగేది. ఒక్కసారి వేస్తే అయిపోతది, మళ్ల కొనాలె అని ఆమె బాధ. అప్పుల సంగతి ఆర్థికశాస్త్రం సార్ చెప్పకముందే ఆమె ఆ ఒక్క మాటలో చెప్పింది.

అమ్మమ్మ అంటే దేవత అని చెప్పుడు నాకు ఇష్టం లేదు. మన ముసలోళ్లను దేవతలను చేస్తే వాళ్లు మనుషులు కాకుండా పోతరు. మా అమ్మమ్మకు ముక్కు మీద కోపం. చక్కెర దగ్గర పిసినారి. చక్కెర డబ్బా దిండు కింద పెట్టుకొని పడుకునేది. చుట్టాలొస్తే చెంచాతో కాదు, వేళ్లతో చిటికెడు తీసి చాయలో వేసేది. అక్కలు జుట్టు కత్తిరించుకొని వస్తే మూడు దినాలు మాట్లాడలే. పక్కింటి ముసలామెతో ఒక కోడి గురించి పెట్టుకున్న పంచాయితీ పదేండ్లు నడిచింది. ఆ కోడి ఎప్పుడో చచ్చిపోయింది, పంచాయితీ మాత్రం చావలేదు. ఆ పక్కిల్లు గుర్తు పెట్టుకోండి, దాంతో మళ్ల పని ఉన్నది.

2018 చలికాలంలో అమ్మమ్మ హైదరాబాద్ వచ్చింది. నేను అప్పుడు మీలాగనే అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటున్న. బల్కంపేట దిక్కు మూడో అంతస్తులో ఒక గది, ముగ్గురం ఉండేవాళ్లం. ఆమెకు చాలా దినాల నుంచి కడుపునొప్పి. పంజాగుట్టలో ఒక పెద్ద దవాఖానాకు తీసుకపోయినం. అన్ని పరీక్షలూ చేసి పిత్తాశయంలో రాళ్లు ఉన్నయన్నరు. నేను గోండిలో వివరంగా చెప్పిన. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "చేన్ల రాళ్లు నలభై ఏండ్లు ఏరిన. ఏరినవి గట్టు మీద వేసిననుకున్న, కడుపులకు పోయినయన్నమాట" అన్నది. డాక్టరమ్మ ఎందుకు నవ్వుతున్నరని అడిగితే తెలుగులో చెప్పిన, ఆమె కూడా నవ్వింది.

ఆపరేషన్‌కు ముందు, తర్వాత కలిపి దాదాపు నెలన్నర అమ్మమ్మ మా గదిలోనే ఉన్నది. ఆ నెలన్నర గురించి కొంచెం చెప్పాలె. ఎందుకంటే మీరు రోజూ నడిచే గల్లీలే అవి.

మైత్రీవనం దగ్గర ర్యాంకుల ఫ్లెక్సీలు మీకు తెలుసు కదా. గోడల నిండా ఫోటోలు, కింద పేర్లు, నంబర్లు. మొదటి దినం ఆమె ఆగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది: "పాపం, ఇంతమంది పిల్లలు ఎట్ల చచ్చిపోయిన్రు?" మన ఊళ్లల్ల ఫోటోను ఫ్లెక్సీ కొట్టిస్తే అది ఎక్కువగా సంవత్సరీకానికే కదా. లేదే, వీళ్లు పరీక్షల్లో గెలిచినోళ్లు అని చెప్పిన. "మరి ఓడినోళ్ల ఫోటోలు ఎక్కడున్నయి?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మీలో ఎవరికైనా రిజల్ట్ వచ్చిన రాత్రి గది తలుపు వేసుకొని కూర్చోవాల్సి వస్తే, ఆ ప్రశ్న అడిగిన ఒక ముసలామె ఈ గల్లీల్లో తిరిగి పోయిందని గుర్తు చేసుకోండి. ఓడినోళ్లను కూడా లెక్కలోకి తీసుకునే మనుషుల నుంచి మనం వచ్చినం.

మా గల్లీ మొగదల ఒక కానుగ చెట్టు. సాయంత్రం కాగానే దాని కింద కూర్చునేది. వారం తిరిగేసరికి ఇడ్లీ బండి అక్కది పాలమూరు అని, ఇస్త్రీ చేసే తాత కొడుకు దుబాయ్‌లో ఉన్నడని, వాచ్‌మెన్ భార్యకు నెలలు నిండినయని అన్నీ ఆమెకు తెలుసు. ఆమె తెలుగు అంతంత మాత్రమే. కానీ ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మధ్యలో ఫోన్ చూసుకునేది కాదు. చుట్టరికానికి అంతకన్నా ఏం కావాలె?

దవాఖానాకు పోయేటప్పుడు అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో తీసుకపోయిన. ఆ లైన్ అప్పుడే, 2018 సెప్టెంబర్‌లో, ఎల్బీనగర్ దాకా తెరిచిన్రు. కూర్చున్నమో లేదో దిగాల్సి వచ్చింది, ఒక్క స్టేషనే కదా. "ఇంత దానికి ఇన్ని మెట్లు ఎక్కిచ్చినవా? ఇది ఒక్క చుట్ట దూరం" అని తిట్టింది. ఆ డబ్బాలో ఆమె గోండిలో, చేనుకు ఆ గట్టు నుంచి ఈ గట్టుకు పిలిచినంత గట్టిగా మాట్లాడేది. నేనూ గోండిలోనే జవాబు చెప్పేది. అందరూ తిరిగి చూసేవాళ్లు. ఒకాయన మర్యాదగానే అడిగిండు: "మీది ఏ భాషమ్మా? ఎక్కడి నుంచి వచ్చిన్రు?" అమ్మమ్మకు తెలుగులో ఆ ప్రశ్న బాగానే అర్థమైంది. "మేం ఎక్కడి నుంచీ రాలే బిడ్డా. మీరు వచ్చేటప్పటికే ఉన్నం" అన్నది. కోపంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు. ఆయన లేచి ఆమెకు సీటు ఇచ్చిండు.

మా కింది అంతస్తులో భద్రాచలం దిక్కు నుంచి వచ్చిన కోయ చెల్లెలు ఒకామె ఉండేది. అమ్మమ్మ ఆమెతో గోండిలో మాట్లాడేది, ఆమె కోయలో జవాబిచ్చేది. సగం అర్థమయ్యేది, సగం చేతులతో నడిచేది. నీళ్లను మేం ఏర్ అంటం. ఆ చెల్లెలూ అదే మాట అన్నప్పుడు అమ్మమ్మ మొహం చూడాల్సింది! తప్పిపోయిన చుట్టం దొరికినట్టు ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నది. గోండి, కోయ ఒకే కుదురు భాషలని పండితులు పుస్తకాల్లో రాసిన్రు. మా అమ్మమ్మ బల్కంపేటలో నీళ్ల క్యాన్ దగ్గర నిలబడి తెలుసుకున్నది. ఆ తర్వాత ఆ క్యాన్ చూపించి, "ఏర్ కూడా కొంటరా మీరు?" అని మా ఇద్దర్నీ కలిపి తిట్టింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్న.

దవాఖానాలో ఓపీ చీటీ రాసే దగ్గర వయసు అడిగిన్రు. ఆమె ఏం చెప్పిందంటే, "ఇంద్రవెల్లి అయిన ఏడు నా పెద్దబిడ్డకు పాలపండ్లు ఊడుతున్నయి." నేను అదే తెలుగు చేసి చెప్పిన. రాసే అబ్బాయి పెన్ను ఆపి నా దిక్కు చూసిండు. ఆధార్ కార్డు ఇచ్చిన. అందులో జనవరి 1 అని ఉన్నది. మీ ఇండ్లల్ల కూడా చూడండి, ముసలోళ్లందరూ జనవరి 1నే పుట్టి ఉంటరు. పుట్టిన దినం తెలియనోళ్లకు కంప్యూటర్ ఇచ్చిన దినం అది.

కానీ ఆలోచించండి. పుట్టిన దినం ఆమెకు తెలియదన్నది నిజమే. కాలం తెలియదన్నది మాత్రం అబద్ధం. ఇంద్రవెల్లి అంటే 1981 ఏప్రిల్ 20. సోమవారం, అంగడి దినం. భూముల కోసం గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టింది, పోలీసులు కాల్పులు జరిపిన్రు. సర్కారు లెక్కలో చచ్చిపోయింది 13 మంది. హక్కుల సంఘాలు, మన పెద్దలు చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. ఆ దినం అమ్మమ్మ కూడా పోవాల్సిందే. చిన్నోడికి జ్వరం వచ్చి ఆగిపోయింది. పెద్దబిడ్డ అంటే మా అమ్మ. పాలపండ్లు ఊడేది ఆరేడు ఏండ్లకు. అంటే మా అమ్మ పుట్టింది 1974, 75 ప్రాంతంలో. అక్కడి నుంచి అమ్మమ్మ వయసు లెక్క కడితే 60 దాటి రెండు మూడేండ్లు. ఆధార్‌లో ఉన్నదానికన్నా ఈ లెక్కే నిజానికి దగ్గర. ఆమె క్యాలెండర్‌లో అంకెలు లేవు. జరిగినవి ఉన్నయి. పిల్లలు, వానలు, కరువులు, కాల్పులు, ఎవరు ఎప్పుడు ఏ చేను సాగు చేసిన్రు, అన్నీ ఉన్నయి.

ఆ క్యాలెండర్‌కు చట్టంలో చోటు ఉన్నది. చాలామందికి తెలియని సంగతి ఇది, అందుకే ఇంత దూరం తీసుకొచ్చిన.

2006 అటవీ హక్కుల చట్టం మీకు పేరు తెలుసు. పట్టా కోసం ఏం చూపించాల్నో చెప్పేది ఆ చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వ నియమం. అందులో సర్కారు కాయితాలు, ఓటరు కార్డులు, రేషన్ కార్డులు, కోర్టు రికార్డులు ఉన్నయి. అంతటితో ఆగలేదు. నేల చదును చేసిన గుర్తులు, గట్లు, గుడిసెలు కూడా సాక్ష్యమే అన్నది. పాత బావులు, శ్మశానాలు, దేవుని స్థలాలు కూడా సాక్ష్యమే అన్నది. చివర్లో ఇంకొక మాట ఉన్నది: హక్కు కోరే మనిషి కాకుండా ఇతర పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే, అది కూడా సాక్ష్యమే.

మళ్లొకసారి వినండి. హక్కు కోరే మనిషి కాకుండా, ఇతర పెద్దలు. అంటే మా అమ్మమ్మ చెప్పిన మాట మా భూమికి పనికిరాదు. పక్కింటోళ్ల భూమికి పనికొస్తది. పక్కింటి ముసలామె మాట మాకు పనికొస్తది. మన ఊళ్లల్ల ఎట్లయితే ఒకరి ఇంటి వాసాలు ఇంకొకరు ఎత్తుతరో, అట్లనే ఒకరి భూమికి ఇంకొకరు నోరు ఇయ్యాలె.

2021 నవంబర్‌లో తెలంగాణలో పోడు దరఖాస్తులు తీసుకునుడు మొదలైనప్పుడు మా ఊళ్లో అదే జరిగింది. అమ్మమ్మ, ఆ పక్కింటి ముసలామె, కోడి పంచాయితీ ఇద్దరు, గ్రామసభలో ఎదురెదురుగా కూర్చున్నరు. అందరికీ భయమే. అమ్మమ్మ లేచి పక్కింటోళ్ల చేను గురించి చెప్పింది. ఆ చేనుకు పడమట గట్టు మీద ఇప్ప చెట్టు ఉన్నది, ఆ గట్టు వేసిన ఏడు మా తమ్ముడు పుట్టిండు, నడుం నొప్పి ఉన్నా తట్టలు తానే మోసింది, గట్టు అవతల పాత బావి ఉన్నది, బావికి ఉత్తరాన తన చెల్లెను పూడ్చిన చోటు ఉన్నది. మా తమ్ముడిది 2002 పుట్టుక, బడి రికార్డులో ఉన్నది. చట్టం అడిగేది 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి సాగులో ఉన్నదా అని. ఉన్నది. చూడండి, ఒక్క ముసలామె మాటలో గట్టు, బావి, శ్మశానం, సంవత్సరం నాలుగూ దొరికినయి. రెండు పేజీలు రాసినం, చదివి వినిపించినం, వేలిముద్ర వేసింది. వేసినంక పక్కింటామె దిక్కు తిరిగి, "కోడి మాత్రం నాదే" అన్నది. గ్రామసభ మొత్తం నవ్వింది. పక్కింటామె కూడా మా చేను గురించి చెప్పింది. వాగు మలుపు దగ్గర మా తాత కట్టిన రాతికట్ట ఎప్పటిదో, ఏ కరువులో కట్టిండో, ఒక్క మాట తప్పు లేకుండా చెప్పింది.

ఒక్క సాక్ష్యం ఇస్తే సరిపోదు, ఒకటికన్నా ఎక్కువ ఉండాలని నియమంలో ఉన్నది. అందుకే పెద్దల మాటకు జోడీగా గట్టు ఫోటో, బావి ఫోటో పెట్టాలె. అట్లనే, ఫలానా కాయితమే తెమ్మని పట్టుబట్టే హక్కు ఏ కమిటీకీ లేదని 2012లో చేసిన సవరణలో స్పష్టంగా ఉన్నది. ఇంకొకటి. మూడు తరాల రుజువు, 75 ఏండ్ల రుజువు అడిగేది గిరిజనేతరులైన అటవీ నివాసులకు. ఎస్టీలకు ఆ షరతు లేదు. మీ ఊళ్లో ఎవరైనా ఆ మాట చెప్పి దరఖాస్తు పక్కన పెడితే, మీరు నోరు తెరవాలె. కోచింగ్‌లో నేర్చుకున్న చదువు పనికొచ్చేది అక్కడనే.

అమ్మమ్మ 2022 మార్చిలో పోయింది. ఇప్ప పువ్వు రాలుడు అప్పుడే మొదలైంది. నేను ఈ గల్లీల్లోనే ఉన్న. రాత్రి ఫోన్ వచ్చింది. జేబీఎస్‌లో ఆదిలాబాద్ బస్సు ఎక్కి గుడిహత్నూర్‌లో దిగి, అక్కడి నుంచి ఇంద్రవెల్లి మీదుగా ఊరు చేరేసరికి పొద్దెక్కింది. ఆమె పక్కన గంప ఉన్నది. ముందటి దినం తెచ్చిన పువ్వు ఇంకా పూర్తిగా ఆరలే. పక్కింటామె ఆ పువ్వును చాటలో పోసి ఎండలో పరుస్తున్నది. ఎవరూ చెప్పలే ఆమెకు. ఆ పువ్వు పాడైపోతదని ఆమెకు తెలుసు, అంతే.

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాలు ఇచ్చుడు మొదలుపెట్టిన్రు. రాష్ట్రమంతా కలిపి లక్షా యాభై వేల మందికి పైగా, నాలుగు లక్షల ఎకరాలకు పైగా అని ప్రకటించిన్రు. మా పక్కింటోళ్లకు పట్టా వచ్చింది. మాకూ వచ్చింది, కానీ సాగు చేసేదానికన్నా తక్కువ రాసిన్రు. దాని మీద ఇంకా తిరుగుతున్నం. పక్కింటోళ్ల పట్టా మీద భార్యాభర్తలు ఇద్దరి పేర్లు ఉన్నయి. చట్టంలో నాలుగో సెక్షన్ అట్లనే చెప్తది, పెండ్లయినోళ్లకు హక్కు ఇద్దరి పేరు మీద ఉండాలె. మీ ఇంటి పట్టాలో మీ అమ్మ పేరు ఉన్నదో లేదో ఈసారి పోయినప్పుడు తీసి చూడండి. మా అమ్మమ్మ జీవితమంతా మట్టి మోసింది. ఆమె పేరు ఏ భూమి కాయితం మీదా లేదు. వేరేవాళ్ల భూమికి సాక్షిగా వేసిన వేలిముద్ర ఒక్కటే ఉన్నది. నాకు అది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు మీతో పని.

2005 నాటికి ఇరవై ఏండ్లున్నోళ్లకే ఇప్పుడు నలభై దాటినయి. ఆనాడు గట్టు వేసినోళ్లు, కట్ట కట్టినోళ్లు ఒక్కొక్కరే పోతున్నరు. ఒక ముసలామె పోతే ఒక మనిషి పోయినట్టే కాదు, ఊరి హద్దులు తెలిసిన ఒక నోరు మూతపడ్డట్టు. ఇంకా చాలా ఊళ్లల్ల సామూహిక హక్కుల దరఖాస్తులే పడలేదు. వెదురు, తునికాకు, ఇప్ప పువ్వు, పశువులు మేసే చోట్లు, దేవుని స్థలాలు, ఇవి ఒక ఇంటివి కావు, ఊరివి. వాటి హద్దు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తదో గూగుల్ మ్యాప్‌లో ఉండదు. ఏ గుట్టకు ఏం పేరు, ఏ వాగు మలుపును ఏమంటరు, అది ముసలోళ్ల నోట్లో ఉన్నది.

అందుకే దండారికో, నాగోబా జాతరకో, మేడారానికో, సంక్రాంతికో, మీరు ఎప్పుడు ఇంటికి పోతే అప్పుడు, అమ్మమ్మ పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టండి. పెట్టేముందు ఆమెకు చెప్పండి, ఎందుకు పెడుతున్నరో చెప్పి ఒప్పుకుంటేనే పెట్టండి. ఇంటర్వ్యూ లాగ అడగొద్దు. చిక్కుడుకాయ గిల్లుకుంటనో, మక్కలు ఒలుచుకుంటనో అడగండి, చేతులకు పని ఉంటే ముసలోళ్ల నోరు బాగా తెరుచుకుంటది. మీ చిన్నప్పుడు ఈ ఊరు ఎక్కడి దాకా ఉండె? మొట్టమొదలు చేను కొట్టింది ఎవరు? బావి ఎవరు తవ్విన్రు? మన వాళ్లను ఎక్కడ పూడ్చేది? ఎవరు వచ్చి వెళ్లగొట్టిన్రు, మళ్ల ఎట్ల వచ్చిన్రు? సంవత్సరం అడగొద్దు. "అప్పుడు ఇంట్లో ఎవరు పుట్టిన్రు?" అని అడగండి. సంవత్సరం మీరు లెక్క కట్టుకోవచ్చు. అందుకే కదా మనకు అరిథ్‌మెటిక్ నేర్పింది.

ఆమె భాషలోనే చెప్పనీయండి. మధ్యలో తెలుగులోకి లాగొద్దు. తర్వాత తెలుగులో రాసుకోవచ్చు. మనకు రాత లేదని ఎవరైనా అంటే నార్నూర్ మండలం గుంజాల పేరు చెప్పండి. అక్కడ గోండి లిపిలో చేతిరాత పుస్తకాలు బయటపడ్డయి. ఆ గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే మీ చేతిలో ఉన్న ఫోన్ ఆ అక్షరాలను గుర్తుపట్టగలదు. ఎవరో దాచిపెట్టకపోతే అది కూడా పోయేదే.

రికార్డు చేసిన దాన్ని ఫోన్‌లో వదిలేయొద్దు, ఫోన్లు పోతయి, పగులుతయి. రాసి, ఆమెకు చదివి వినిపించి, తేదీ వేసి, వేలిముద్రో సంతకమో పెట్టించి, గ్రామసభలో అటవీ హక్కుల కమిటీకి ఒక నకలు ఇయ్యండి. మీ దగ్గర ఒకటి ఉంచుకోండి. అందులో భూమి సంగతి నాలుగు మాటలే ఉండొచ్చు, మిగిలిందంతా కోడి పంచాయితీ, చక్కెర డబ్బా, మీ తాతతో ఆమె పడిన కొట్లాట ఉండొచ్చు. అవి కొట్టేయకండి. పట్టాకు నాలుగు మాటలు చాలు. మీ పిల్లలకు మిగిలినవే కావాలె.

అమ్మమ్మ లేనోళ్లు, నాయినమ్మ లేనోళ్లు బాధపడొద్దు. పక్కింట్లో ఒక ముసలామె ఉంటది. చట్టం కూడా ఆమె మాటనే అడుగుతున్నది కదా.

ఒక చిన్న సంగతి చెప్పి ముగిస్తా. ఊరికి బయలుదేరే ముందు ఫోన్ ఫుల్ చార్జింగ్ పెట్టుకోండి, అందులో ఉన్న పాత వీడియోలు కొన్ని తీసేసి జాగ చేసుకోండి. మన ఊళ్లల్ల కరెంటును నమ్మలేం. అమ్మమ్మ మొదలుపెడితే మాత్రం తెల్లారేదాకా ఆపదు.

జోహార్.